రొట్టె కింద అరచేయి

ఆ ఏడు మా నాన్న రెండుసార్లు ఇంటికొచ్చాడు.
మొదటిసారి మే నెలలో, రైలు దిగి,
ఐదేళ్ల చెరని ఖాళీ సంచిలో వేసుకుని.
రెండోసారి సంగతి తర్వాత చెబుతాను.

మేముండేది మెదోక్ తీరాన.
ఇసుక దిబ్బలు, పైన్ చెట్ల జిగురు వాసన,
జర్మన్లు పాతి వదిలేసిన మందుపాతరలు.
ఆ సంగతి ముందు మా ఆవులకు తెలిసింది,
తర్వాత మాకు.

ఆగస్టులో శిబిరం నుంచి ఒకణ్ణి పంపారు,
కోతలకు, కాగితం మీద సంతకం పెట్టించుకుని,
నాగలి అరువిచ్చినట్టు.
పేరు వెండెలిన్. ఇరవై రెండేళ్లుంటాయి.
వీపు మీద తెల్లరంగుతో రెండు అక్షరాలు,
పి, జి.
యుద్ధఖైదీ అని మా భాషలో.
నాకప్పుడు ఏడేళ్లు. చదవడం కొత్త.
కనబడ్డవన్నీ చదివేదాన్ని.
అతన్నీ చదివాను.

అమ్మ అతనికి బల్ల దగ్గర చోటివ్వలేదు.
మా మేనమామ ఎమిలియాన్‌ని
వంతెన పక్క గోడకు నిలబెట్టి
కాల్చమన్నది ఆ భాషే.
గిన్నె గడప అవతల పెట్టేది.
పెట్టేటప్పుడు అటు చూసేది కాదు.
గిన్నె మాత్రం నిండుగానే ఉండేది, అది నేను చూశాను.

నాన్న చూసేవాడు.
అతను రొట్టె తినే తీరు:
ఎడమ అరచేయి గడ్డం కింద గిన్నెలా పట్టి,
రాలిన పొడంతా అందులో ఏరుకుని,
చివర్న నాలుకతో ఆ చేతిని తుడుచుకుని,
ఎవరైనా చూశారేమోనని తలెత్తడం.
బల్ల దగ్గర నాన్నా అంతే.
ఇద్దరి మధ్యా గడప.

ఒకరోజు పందుల కుడితిలోంచి
బంగాళాదుంప తొక్కలు చొక్కాలో దోపుకుంటూ
దొరికిపోయాడు వెండెలిన్.
అమ్మ కర్ర తీసింది.
నాన్న అడ్డం రాలేదు, ఏమీ అనలేదు.
లోపలికి పోయి తన పరుపు ఎత్తి చూపించాడు.
కింద మా ఇంటి తొక్కలే,
ఎండి, నల్లబడి, గుడ్డలో మూటగట్టి.
వచ్చి మూడు నెలలైనా
ఆయన ఇంకా పొమెరేనియాలోనే దాచుకుంటున్నాడు.

అమ్మ కర్రని పొయ్యిలో పెట్టింది.
క్షమించిందని కాదు.
పొయ్యికి కర్ర కావాలి.

అక్టోబర్లో లారీ వచ్చింది.
దిబ్బల మీద మందుపాతరలు ఏరాలట.
ఇసుకలో పొడుచుకుంటూ పోవడానికి
మనిషికో ఇనుప ఊచ.
ఏరడం అయ్యాక, అయిందని రుజువుకి,
ఒకరి చేయి ఒకరు పట్టుకుని
ఆ ఇసుక మీదే వరసగా నడవాలట.
అచ్చం మేం బళ్లో ఆడే ఆట.
ఆ మాట విని నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ నా దగ్గరే ఉంది,
ఎవరికి తిరిగివ్వాలో తెలీక.

నెలంతా సముద్రం వైపు నుంచి చప్పుళ్లు.
చప్పుడైనప్పుడల్లా నాన్న చేతిలో గొడ్డలి ఆగేది.
అమ్మ లెక్కపెట్టేది, పైకి కాదు, పెదాలతో.

పదకొండు దాటాక నాన్న బండి కట్టాడు.
గేటు దగ్గర కాపలా ఉన్నది మా ఊరివాడే,
పీపాలు చేసే లాబర్త్ కొడుకు.
కాగితాలు తిరగేసి
"నాలుగొందల పద్దెనిమిది జాబితాలో లేదు" అన్నాడు.
లేదంటే?
"లేదంటే లేదు."
ఆసుపత్రికో, ఇంకో శిబిరానికో, ఇసుక కిందికో.
ఆ మాటకి మూడు తలుపులు,
మూడూ మూసే ఉన్నాయి.
"మిమ్మల్ని వాళ్లు ఇంతకంటే బాగా చూశారా, అన్సెల్మ్ గారూ?"
అని కూడా అడిగాడట, వెటకారంగా కాదు,
నిజంగానే తెలుసుకుందామని.

నాన్న జవాబు చెప్పలేదు.
గుర్రం దాని ఇష్టమొచ్చిన దారిన నడిచింది రాత్రంతా.
తెల్లవారుజామున వచ్చాడు. అదే రెండోసారి.
బూట్లు విప్పకుండానే పరుపు ఎత్తి
మూట తీసుకెళ్లి పందుల ముందు విప్పాడు.
గడ్డం కింద అరచేయి మాత్రం పోలేదు, చచ్చిపోయేదాకా.

అమ్మ ఆ వారమంతా
రొట్టె నాలుగు ముక్కలు కోసింది.
నాలుగోది గడప అవతల పెట్టి
అటు చూడకుండా లోపలికొచ్చేది.
కోళ్లు తినేవి.